కొట్టొద్దు, కొట్టొచ్చు

అది 2023 వానకాలం. గద్వాలలో నాకు చిన్న ఎడిటింగ్ స్టూడియో ఉంది. చుట్టుపక్కల దుకాణాలకు ప్రకటన వీడియోలు చేసి ఇస్తుంటాను. మాట్లాడేదంతా తెర కింద అక్షరాల్లో చూపించే క్యాప్షన్లు అప్పటికి ఇక్కడ ఎవరూ అడిగేవారు కాదు.

ఎరువుల దుకాణం నర్సింహులూ అడగలేదు. పత్తిలో కొట్టే గడ్డి మందు మీద నేను చేసిచ్చిన వీడియోకు, మాటలను దానంతటదే రాసే ఏదో యాప్‌తో తనే క్యాప్షన్లు వేసుకుని యూట్యూబ్‌లో పెట్టాడు. ఒక పొద్దున దాని కింద కామెంటు చూశాను.

"నాకు ఇనపడదు. రాసి చూపెట్టినందుకు సంతోషం. ఇయ్యాల మా మిరపకు కొడుతున్న." రాసింది ఇటిక్యాల పద్మ.

మిరపకా? వీడియో మళ్లీ పెట్టాను. గొంతు "మిరపకు కొట్టొద్దు" అంటోంది. కింద అక్షరాల్లో "మిరపకు కొట్టొచ్చు" అని ఉంది. ఆ మందు పడితే మిరప మొక్కే మాడిపోతుంది.

కామెంటు కింద "ఆపండి" అని రాసి, నర్సింహులుకు ఫోన్ చేశాను.

"నిన్ననే మందు తీస్కపోయిందక్కా. పత్తికేమో అనుకున్న," అన్నాడు.

"ఫోన్ చేసి చెప్పు."

"ఆమెకు ఇనపడదు గద! మెసేజ్ పెడ్త, జర ఆగు... చూస్తలేదు. మొగడు హైదరాబాద్‌ల పనికి పోయిండు. చేను నాకు ఎరుకే. పోదాం పా."

అతని బండి మీద వెనక కూర్చుని, దారిలోనే అతని ఫోన్‌లోంచి ఆ వీడియో తీసేశాను. ఇటిక్యాలలో ఆమె చేను గట్టున బండి ఆపాడు.

పద్మ వీపున పంపుతో మాకు అటు తిరిగి నడుస్తోంది. "పద్మా! ఆపు!" వినపడదని తెలిసీ నర్సింహులు అరుస్తూనే ఉన్నాడు. నేను సాళ్లకు అడ్డంపడి పరుగెత్తి, ఆమె ముందుకు వెళ్లి రెండు చేతులూ ఎత్తాను. ఉలిక్కిపడి ఆగింది. ఫోన్‌లో "కొట్టొద్దు" అని రాసి చూపించాను.

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తన ఫోన్ తీసి, దాచుకున్న స్క్రీన్‌షాట్ నా ముందు పెట్టింది. కొట్టొచ్చు. వీడియోలో గొంతు ఏమంటుందో రాసి చూపించాను. చదివి, తడిసిన మొక్కల దగ్గర కూలబడింది. అక్కడి నుంచే తన ఫోన్‌లో రాసింది: "ఇనెటోళ్లు ఇంతమంది ఉన్నరు. ఒక్కరన్న సదువలేదా?"

నర్సింహులు వంగి ఆమె వీపున ఉన్న పంపు దింపాడు.

మందు పడిన సాళ్లు మాడిపోయాయి. మిగతా చేను నిలిచింది. పోయినచోట నాటడానికి నర్సింహులే నారు తెచ్చి ఇచ్చాడు. నేను మాత్రం పద్మను ఒకటి అడిగాను: ఇకపై నా వీడియోలకు నేనే వేసే క్యాప్షన్లు ముందు తను చదివి పెడుతుందా అని. చాలా రోజులు ఆలోచించి ఒప్పుకుంది.

మొదటి వీడియోలోనే అర్థం పొసగని చోట్లు చూసి తప్పులు పట్టి పంపింది. ఆ క్యాప్షన్లు పంపే ముందు నేనూ చూశాను, కానీ సౌండ్ పెట్టుకుని చూశాను. వింటూ చదివితే చెవి తప్పును దిద్దేస్తుంది, కన్ను నమ్మేస్తుంది. ఇప్పుడు సౌండ్ పూర్తిగా తీసేసి చదువుతాను. ఆ తరువాతే పద్మకు పంపుతాను.