రమీజక్క ఎత్తిన బరువు

2023 మార్చి. అనంతపురంలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. ఒక ఫిజీషియన్ నా దగ్గరికి రమీజాబీ అనే ఆమెను పంపారు. వయసు నలభై ఎనిమిది. గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ బరువు, రెండు మోకాళ్లలో నొప్పి, పొద్దున లేస్తూనే అలసట.

చీటీతో పాటు రక్తపరీక్ష కాగితం కూడా ఉంది. అందులో సీఆర్‌పీ ఎక్కువగా చూపిస్తోంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం ఎక్కువగా తయారుచేసే ప్రొటీన్ అది. ఇన్‌ఫెక్షన్ గానీ కీళ్లవాతం గానీ లేదని డాక్టరు ముందే తేల్చుకున్నారు. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్న చాలామందిలో ఈ ఇన్‌ఫ్లమేషన్ కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి ఉంటుంది. వేరే మాట దొరక్క ఆమెకు వాపు అని చెప్పాను.

"వాపు యాడుండాది మేడమ్? కాళ్లు చూడు, బాగానే ఉండాయి," అంది.

"బయటికి కనపడదక్కా. రక్తంలో తెలుస్తుంది."

"కనపడనిదానికి ఏం మందిస్తావు?"

మందు కాదు, బరువులు ఎత్తిస్తానన్నాను. ఆమె నా ముఖం వంక చూసింది.

"అందరూ నడువు, నడువు అంటాండారు. నువ్వు బరువులెత్తమంటావే! అన్నం గుండిగ ఎత్తలేకనే కదా ఈడికొచ్చినా."

అప్పుడు అసలు సంగతి చెప్పింది. పొయ్యి మీది గుండిగను ఇద్దరు వంటవాళ్లు చెరో పక్క పట్టుకుని దించాలి. రెండుసార్లు ఆమె పట్టు జారింది. రెండోసారి గంజి తోటి వంటామె పాదం మీద పడింది. వేసవి సెలవుల తర్వాత కూడా ఇలాగే ఉంటే ఇంకొకరిని పెట్టుకుంటామని బడిలో చెప్పేశారు.

స్ట్రెంత్ ట్రైనింగ్ మొదలుపెట్టాము. అంటే కండరానికి బరువు ఇచ్చి, అది అలవాటయ్యాక ఇంకొంచెం పెంచుతూ పోవడం. పనిచేసే కండరం ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచే కొన్ని పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. వారానికి రెండు రోజులు బస్సెక్కి వచ్చేది. మొదట్లో చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడమే వ్యాయామం. నాలుగుసార్లకే ఆయాసపడేది. తర్వాత ఐదు లీటర్ల నూనె క్యానులో ఇసుక పోసి డెడ్‌లిఫ్ట్ నేర్పాను. వీపు వంచకుండా, తుంటి దగ్గర మడిచి, నేల మీది బరువును లేపడం అది.

ఒకరోజు అడిగింది. "ఎన్నాళ్లకు సన్నగైతా మేడమ్?"

"రెండు నెలల్లో తేడా చూస్తావక్కా," అన్నాను. హుషారు చేద్దామని అన్న మాట.

మే మొదట్లో బరువు చూశాము. ఒక కిలో పెరిగింది. కండ పెరిగితే అలా జరగొచ్చని చెప్పబోయాను. ఆమె వినలేదు. చెప్పులేసుకుంటూ, "అబద్ధం చెప్పినావు," అని మాత్రం అంది. ఆ తర్వాత రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ నెల మూడో ఆదివారం పొద్దున నేనే వాళ్ల ఊరికి పోయాను. వాళ్ల వీధిలో అది నీళ్లొచ్చే రోజు. రమీజక్క కొళాయి దగ్గర్నుంచి నిండు బిందె చంకనెత్తుకుని వస్తోంది. నన్ను చూసి పలకరించకుండానే ఇంటి ముందున్న నాలుగు మెట్లు ఎక్కి, బిందె దించి వచ్చింది.

"అక్కా, ఉగాదప్పుడు నీళ్లెవరు తెచ్చేవాళ్లు?"

"కోడలు. నాకు యాడయ్యేది, మెట్లెక్కేదే..." అని ఆగిపోయింది. వెనక్కి తిరిగి మెట్లవైపు చూసింది. "నేను గమనించనేలేదు మేడమ్. కాటా చూసినప్పట్నుంచీ అంతా దండగనుకుంటాండా."

"తప్పు నాదే. సన్నబడతావని నేను చెప్పి ఉండకూడదు."

"అవును, నీదే," అంది. కొంచెంసేపటికి టీ తెచ్చి ఇచ్చింది. ఆ బుధవారం క్లినిక్‌కు వచ్చింది.

జూన్‌లో బడి తెరవకముందు మళ్లీ రక్తపరీక్ష చేయించారు. సీఆర్‌పీ సగానికి దగ్గరగా తగ్గింది. నేను సంతోషంగా కాగితం తీసుకుపోతే ఫిజీషియన్ తొందరపడలేదు. "ఒక్క మనిషి, రెండు పరీక్షలు. దీన్నిబట్టి వ్యాయామమే కారణమని తేల్చలేం. కానీ ఆపొద్దని చెప్పండి," అన్నారు. ఆయన మాటే సరైనది. నేను ఆమెతో అంతే చెప్పాను.

బడి తెరిచిన రోజు సాయంత్రం తనే ఫోన్ చేసింది. "గుండిగ దించినాం. గంజి చుక్క కూడా కింద పడలే."

ఆమె ఉద్యోగం నిలిచింది. ఇప్పటికీ లావుగానే ఉంది. మోకాళ్ల నొప్పి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నెలకోసారి వచ్చి, ఎంత బరువు పెంచాలో అడిగి పోతుంది.

ఆ కేసు తర్వాత ఎవరొచ్చినా, ఏ పని చేయలేకపోతున్నారో ముందు అడిగి, కేస్‌షీట్‌లో అదే మొదటి వరుసగా రాస్తున్నాను. నాలుగు వారాలకోసారి ఆ పనినే చేయించి చూస్తాను. రోగికి ఆశ కల్పించడం మా వృత్తిలో భాగమని చాలాకాలం నమ్మాను. కానీ నేను ఆశగా ఇచ్చిన ఒక్క మాట, రమీజక్క రెండు నెలల కష్టాన్ని ఆమె కళ్లకే కనపడకుండా చేసింది.