రోడ్డు మీది బతుకమ్మ, నా ఎడమ చెయ్యి

ఆ పొద్దు కండెలు చుట్టుకుంట కూసున్న. కుడిచేత్తోని రాట్నం తిప్పుతున్న, ఎడమచేత్తోని నూలు పట్టిన. నూలు జారిపోయింది. మళ్ల పట్టిన, మళ్ల జారింది. చెయ్యి నాదే గని నా మాట ఇంటలేదు. "సరోజా" అని పిలువబోతే నోట్లె మాట ముద్దగైంది, మూతి ఒకదిక్కు గుంజుకపోయింది.

సరోజ నా తోడికోడలు, మా మరిది భార్య. నన్ను చూసి పడిపడి నవ్వింది. "అక్కా, ఇయ్యాల ఎవలను ఎక్కిరిస్తున్నవే? సర్పంచినా?"

ఆమె తప్పేం లేదు. మా ఊరు కొడకండ్లల నేను ఎక్కిరియ్యని మనిషి లేడు. నాలుగో తరగతిలనే బడి బందువెట్టిన గని, సార్లందరి నడక నాకు వచ్చు. మా అత్తమ్మ గూడ నవ్వింది. నేను పక్కకు ఒరిగి పడినంకనే వాళ్ల నవ్వు ఆగింది.

ఆటోల జనగామ, ఆడికెల్లి వరంగల్ దవాఖాన. సీటీ స్కాన్ చూసి డాక్టర్ సారు చెప్పిండు. "మెదడుల క్లాట్ ఉన్నది. స్ట్రోక్. నీకు బీపీ ఎన్నేండ్ల నుంచి ఉన్నదమ్మా?"

"బీపీ కోపమొచ్చేటోల్లకు గద సారూ, నాకు నవ్వే ఎక్కువ" అన్న, నత్తినత్తిగ.

ఆయన నవ్వలే. "కోపంతోని సంబంధం లేదు. బీపీ గోలీ రోజు ఏసుకోవాలె. మంచిగైందని బందువెట్టొద్దు."

ఇంటికి వచ్చినంక చుట్టాలు మోపైండ్రు. గాలి తాకొద్దన్నరు, కిటికీ మూసిండ్రు, లేవకు పండుకో అన్నరు. నెలపొద్దులు పండుకున్న. కాలు జర సదురుకున్నది. చెయ్యి మాత్రం ఒంటికి అతికిచ్చినట్టు బిగుసుకుపోయింది. జనగామల ఫిజియోథెరపీ మేడం భుజం లేపి చూస్తే, బయట కూసున్నోల్లు లేచి నిలవడేటట్టు కేక పెట్టిన.

"పండుకుంటే షోల్డర్ ఇంకా స్టిఫ్ అయితది" అన్నది మేడం. "నడవాలె, వంగాలె, చెయ్యి లేపాలె. ఒక్కదానివే చేస్తే నాలుగొద్దులకు ఇడిసిపెడ్తవ్. మీ ఊర్లె ఆడోల్లు కలిసి ఏం చేస్తరు?"

"పంచాయితి పెట్టుకుంటరు మేడం."

సరోజ నా ఈపు మీద ఒక్కటి సరిచింది. "బతుకమ్మ ఆడుతం మేడం."

"అయితే అదే ఆడు. అలసిపోతే కూసొని ఆడు. ఆపొద్దు."

ముందుగాల ఒక్కదాన్నే నడిచి చూసిన. మా ఊర్లె పని లేకుంట నడిచే ఆడదాన్ని ఎవలు చూసిండ్రు? గడపగడపకు ఆపి "ఎటు వోతున్నవ్?" అని అడిగిండ్రు. "ఎటూ పోతలేను" అంటే, స్ట్రోక్ మెదడుకు గూడ వచ్చినట్టున్నదని గుసగుస. ఇంట్ల కూసున్న.

అప్పుడు తెలంగాణ కోసం మా సెంటర్ల టెంటు ఏసిండ్రు. మగోల్లు దీక్షల కూసునేది, పొద్దుమీకినంక ఆడోల్లు రోడ్డు మీదనే బతుకమ్మ ఆడేది. పండుగ రాకముందే, రోజు. సరోజ నన్ను గుంజుకపోయింది. రెండు చుట్లు తిరిగితే కాలు వణికేది. టెంటుల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వరుసల ఏసింది. నేను కూసొని వంగేది, కూసొని చప్పట్లు కొట్టేది.

చప్పట్లంటే నా ఎడమ చెయ్యి కుడి దాక వచ్చేది కాదు. అందుకని సరోజ నా ఎడమపక్క నిలవడి, నా చెయ్యి ఎక్కడిదాక లేస్తే అక్కడికి తన అరచెయ్యి తెచ్చి కొట్టేది. రోజింత మీదికి పెట్టేది, నాకు ఎరుక కాకుంట.

"అందుతలేదే దొంగదానా!"

"నీ నాలుక అందని కాడికి పోతలేదా అక్కా? చెయ్యి గూడ పోతది."

చెయ్యి భుజం ఎత్తుకు వచ్చింది. పండుగ నాటికి బతుకమ్మను రెండు చేతులతోని నేనే నెత్తికెత్తుకోవాలె. అదీ మా ఇద్దరి పట్టుదల.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బందు. మేడం దగ్గరికి పోవుడు ఆగింది, ఆట ఆగలే. ఆ నడుమ సరోజకు జ్వరం వచ్చింది. "మామూలు జ్వరమే" అని ఆటకు గూడ వచ్చింది. పండ్ల చిగుర్లల్ల నెత్తురు కనవడ్డంక ఆటోల ఏసుకొని దవాఖానకు పోయినం.

"డెంగ్యూ. ప్లేట్‌లెట్స్ బాగ పడిపోయినయి. లోపల బ్లీడింగ్ అవుతున్నది" అన్నడు డాక్టరు.

బెడ్డు కాడ నన్ను చూసి సరోజ అరచెయ్యి లేపింది. కొంచెమే లేచింది. నేనే కిందికి వంగి నా ఎడమ చెయ్యి తాకిచ్చిన.

ఆమె మళ్ల ఇంటికి నడిచి రాలే.

అంటు ఇల్లు. ఏడాది దాక బతుకమ్మ పేర్చొద్దు. పండుగ పొద్దులల్ల ఊరంత పాటలు, మా ఇంట్ల గోడ దిక్కు మొఖం తిప్పి పండుకున్న నేను. చెయ్యి మళ్ల బిగుసుకున్నది. జాకిట్ తొడుక్కునుడు గూడ రాలే. అది చూసి అత్తమ్మ "లెవ్వు, టెంటు కాడికి పో" అన్నది.

"అంటు గద అత్తమ్మా. ఊరు ఏమంటది?"

"ఇంట్ల పేరుస్తలేం, పండుగ చేస్తలేం. రోడ్డు మీదిది తెలంగాణ కొట్లాట. కొట్లాటకు అంటేందే? ఒక కోడలు పోయింది. నిన్ను గూడ మంచాన ఏసుకోమంటవా?" కండ్లు తుడుసుకుంట ఆమెనే నా చెయ్యి పట్టి తోల్కపోయింది.

వరుసల నిలవడ్డ. ఎడమపక్క ఒకామె పాపం అరచెయ్యి చాపింది. మస్తు మీదికి పెట్టింది. ఇంకొకామె నడుము కాడనే పెట్టింది. ఏదన్న మాట అని నవ్వియ్యాలని నోరు తెరిచిన. ఏడుపే వచ్చింది. ఆట ఆపి అందరు నా సుట్టు నిలవడ్డరు. తెల్లారి మళ్ల పోయిన.

కొన్నేండ్లకు తెలంగాణ వచ్చింది. ఇప్పుడు గోలీ తప్పకుంట ఏసుకుంటున్న. పొద్దుగాల అత్తమ్మ, నేను చెర్వుకట్ట దాక నడుస్తం. "ఎటు వోతున్నరు?" అంటే "మీ మీద కంప్లైంట్ ఇయ్యవోతున్నం" అంట. నా చెయ్యి చెవుల దాక లేస్తది. అంతకంటే లేవలే. బతుకమ్మ నెత్తికెక్కాలంటే ఇంకొకరు ఎత్తాలె.

నా అసొంటోల్లకు ఒక్క మాట. ఆడుండ్రి, నడువుండ్రి, కూసొనన్న చెయ్యుండ్రి. గని తోడు ఒక్కరినే పెట్టుకోకుండ్రి. మీ చెయ్యి ఎంతదాక లేస్తదో, ఎక్కడ నొస్తదో, ఎప్పుడు కూసోవాల్నో ఇద్దరు ముగ్గురికి నేర్పి పెట్టుండ్రి. నాది ఒక్క సరోజకే ఎరుక.