ఎండి పటం

ధర్మవరంలో సువర్ణ ఇంటికి వచ్చే చుట్టాలకు ఆ పటం కనపడేది కాదు. లోపలి గదిలో, తలుపు తెరిస్తే మరుగున పడేచోట దాన్ని తగిలించింది. ఎండ తగలకుండా అక్కడ పెట్టిందని ఆమె భర్త మార్కండేయ అనుకునేవాడు.

అది ఆయన స్వయంగా నేసిన పట్టుగుడ్డ. పచ్చటి కొండ మీది నుంచి జరీ నీళ్లు దూకుతుంటాయి. కింద రైలు, దాని కిటికీలో మూడు తలలు. కొడుకు శశికి ఐదేళ్లప్పుడు, గుంతకల్లు రైల్వేలో పనిచేసే సువర్ణ అన్న వాళ్లను గోవా తీసుకెళ్లాడు. ఆ కుటుంబం సరదాకు ఊరు దాటింది ఆ ఒక్కసారే. దారిలో దూద్‌సాగర్ జలపాతం దగ్గర రైలు నెమ్మదించింది. అన్ని నీళ్లు ఒక్కచోట చూడని పిల్లవాడు కిటికీ కమ్మీలు పట్టుకుని అరిచాడు.

"నాయనా, ఎండి! అంతా ఎండి!"

"ఎండింటే అట్ల కారుతాదేమిరా?" అన్నాడు మార్కండేయ. వెండిని ఎండి అనే మన జిల్లావాళ్లే పెట్టె నిండా ఉన్నారు. అందరూ పగలబడి నవ్వారు.

ఊరికి వచ్చాక, పని లేని పూటల్లో వేళ్లతో పోగులు ఎత్తుతూ ఆ గుడ్డ నేశాడు. ఒకరోజు నేత పనిచ్చే షావుకారు దగ్గరి గుమాస్తా వచ్చి చూసి, ఏం జరీ అని అడిగాడు.

"ఎండే!" అన్నాడు మార్కండేయ నవ్వుతూ.

షావుకారు జరీని తూకం వేసి ఇస్తాడు. చీర అప్పగించేటప్పుడు మిగిలినదాన్ని తూకం వేసి తీసుకుంటాడు. నేతగాడి గోడ మీద వెండి జరీ కనపడితే ఊళ్లో ఎవరికైనా ఒకటే అర్థం, కాజేశాడని. ఆ నెల నుంచి మల్లికార్జునయ్య షావుకారు ఆయనకు పెళ్లి చీరలు ఇవ్వడం మానేశాడు. కారణం చెప్పలేదు. సువర్ణ మాత్రం గుమాస్తా వచ్చిన రోజును గుర్తుచేసుకుని, పటాన్ని తలుపు వెనక్కి మార్చింది. పారేయడానికి చేతులు రాలేదు. ఆ కిటికీలో ఒక తల ఆమెది.

ఏళ్లు గడిచాయి. మొన్న సువర్ణ తాడిపత్రిలో చెల్లెలింటికి పోయి వచ్చేసరికి ఇంటికి సున్నం కొట్టించారు. తలుపు వెనక గోడ తెల్లగా ఉంది. ఖాళీగా ఉంది.

"పాత చీరలతోపాటు సుంకప్పకు ఏసేస్తినత్తా," అంది కోడలు పద్మజ. "మూల ఎలుక కొరికిండ్య."

సుంకప్ప పాత జరీ కొంటాడు. కొన్న గుడ్డల్ని కాల్చి, బూడిదలోంచి వెండి తీయిస్తాడు. సువర్ణ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

వీధి చివర సైకిలు ఆపుకుని సుంకప్ప ఆ పటం మూల నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు.

"ఆపప్పా! అది అమ్మేది కాదు!"

"నువ్వే తీసుకపో తల్లీ. మీ కోడలు నన్ను బాగా ముంచె. దీంట్లో ఎండి యాడుండాది? రాగి!"

"సరిగా చూడప్పా."

"నా పెండ్లాన్నన్నా మర్చిపోతా గానీ, ఎండిని మర్చిపోతానా?" కాలిన పోగును గీటురాయి మీద రుద్ది ఆమె ముందుకు తోశాడు. దాని మీద గీత ఎర్రగా ఉంది.

సువర్ణ పటాన్ని చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి మార్కండేయ మగ్గం గుంతలో కూర్చుని తెగిన పోగులు అతుకుతున్నాడు.

"ఇది యాడి జరీ?" అని అడిగింది.

"డూప్లికేట్‌ది. అంగట్లో తెచ్చినా. ఏమి?"

"ఎండి అంటివి కదప్పా!"

"రైల్లో మనోడు అన్న మాట అది. మర్చిపోతివా?"

షావుకారు పెళ్లి చీరలు ఎందుకు ఆపాడో అప్పుడు చెప్పింది. ఆయన మొదట నవ్వాడు. తరువాత చేతిలోని పోగు వదిలేశాడు.

"వాళ్లు సరే. నువ్వు?"

సువర్ణ లోపలి గది తలుపు వైపు చూసింది. ఆ చూపు వెంట ఆయనా చూశాడు. పటం ఇన్నేళ్లు అక్కడెందుకుందో ఆయనకు ఆ క్షణంలో అర్థమైంది.

"అడిగింటే చెప్పనా?" అన్నాడు.

ఆ సాయంత్రం మార్కండేయ వీధి వసారాలో, పోయేవాళ్లందరికీ కనపడేటట్టు పటానికి మేకు కొట్టాడు. పోగు లాగిన మూల కత్తిరించి కుడతానంది పద్మజ. వద్దన్నాడు. సువర్ణ స్టూలు పట్టుకుని నిలబడింది. ఆయన దిగేటప్పుడు ఆసరాకు చేయి చాచింది. ఆయన గోడ పట్టుకుని దిగాడు.