ప్లేటు చివర కొక్కెం

బ్లూ లైటు కింద పెట్టిన బ్యాక్టీరియా ప్లేటులో, ఒక గీత చివర, చిన్న కొక్కెం ఒకటి పచ్చగా వెలిగింది. మధ్యాహ్నం మూడు గంటలు. ప్రొద్దుటూరులో మా మేనకోడలు సుజాత ఎమ్మెస్సీ చదివే కాలేజీ ల్యాబు. నేను పక్కనే ఉన్నాను.

“ఏంది మామా ఇది? ఎలగకూడదే!” అంది.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ముప్ఫై ఏళ్లు పత్రికలో పనిచేశాను. అలాంటి కబుర్లు తెచ్చినవాళ్లను సాక్ష్యమేదని అడిగి పంపించేవాణ్ని. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

బ్యాక్టీరియా తన జన్యువును ఆర్‌ఎన్‌ఏ అనే పోగులాగా నకలు తీసుకుంటుంది. ఆపాల్సిన చోటు రాగానే, అప్పుడే తయారైన ఆ పోగు తనమీద తానే మడతపడి ముడిలా బిగుస్తుంది. కణంలో నకలు తీసే యంత్రం పట్టు తప్పి జారిపోతుంది. పని అక్కడితో ఆగుతుంది. వెలుగునిచ్చే జన్యువుకు ముందు సుజాత అలాంటి ముడి పెట్టింది. కాబట్టి ప్లేటు చీకటిగా ఉండాలి. వెలిగితే ప్రాజెక్టు తప్పినట్టే.

ఈ పని గురించి రాద్దామని ముందురోజు కూడా వెళ్లాను. ఆమె సన్నని తీగతో ప్లేటు మీద బ్యాక్టీరియాను గీతలుగా గీస్తుంటే చూశాను. మూడూ తిన్నని గీతలు. కొక్కెం లేదు.

గీత చివర కొక్కెంలా తిప్పడం ఆ ల్యాబు అటెండరు ఖాదర్ అలవాటు. జమ్మలమడుగులో దర్జీల ఇంట్లో పుట్టినవాడు. సుజాతకు గీయడం నేర్పింది ఆయనే. “ముడి ఎయ్యకుంటే కుట్టు నిలుస్తాదా పాపా?” అని నవ్వేవాడట. ఆ వంపు ప్రాజెక్టు చూసే మేడం ఒప్పుకోదని సుజాత మానేసింది. ఈ బ్యాక్టీరియా ల్యాబుకు రాకముందే ఆయన చనిపోయాడు.

నాలుగింటికి మేడం వచ్చింది. ప్లేటు చూసి, “ట్యూబులు తారుమారు చేసినావు. ఇది తేలేదాంకా సంతకం పెట్టను” అంది. ప్లేటును మళ్లీ లైటు కింద పెట్టి మెల్లగా అడిగింది: “ఈ వంపు ఎవురు తిప్పినారు?”

 

కొక్కెంలోంచి కొంచెం తీసి, జన్యువును చదివించడానికి బయటి ల్యాబుకు రెండుసార్లు పంపారు. రెండుసార్లూ ఒకటే మాట: ముడి చెక్కుచెదరలేదు. సుజాత మళ్లీ మొదటినుంచీ చేసింది. అన్ని ప్లేట్లూ చీకటిగానే ఉన్నాయి. మేడం సంతకం పెట్టింది.

ఆ కొక్కెంలోంచి తీసి కొత్త ప్లేట్లలో పెంచినవి ఒక్కసారి కూడా వెలగలేదు. పాత ప్లేటు ఫ్రిజ్‌లో ఉంది. పోయిన వారం వెళ్లి బ్లూ లైటు కింద పెట్టి చూశాను. కొక్కెం వెలుగుతూనే ఉంది.