బావ చెయ్యి వణకలేదు

మా అక్క భర్త స్కూలు వ్యాను నడపడం మానేసింది చెయ్యి వణికి కాదు. అతని చేతిలో ఏ లోపమూ లేదని నాకు మొదటి రోజు నుంచే తెలుసు. తెలిసీ చెప్పలేదు. మా గని కార్మికుల ఇళ్ళ లైన్లో ఇప్పటికీ కొందరు "పాపం, వయసు మీద పడింది" అంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బావ చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో వైండింగ్ ఇంజిన్ డ్రైవరుగా పనిచేసినవాడు. మనుషుల్ని కేజ్ అనే ఇనప బోనులో గని అడుగుకు దించి, మళ్ళీ పైకి లాగే యంత్రం అతని చేతి కింద ఉండేది. నేను ట్రైనీగా చేరి మొదటిసారి గనిలోకి దిగిన రోజు ఆ యంత్రం మీద ఉన్నది అతనే. అడుగు చేరేలోపు వాంతి చేసుకున్నాను, ఏడ్చాను. మళ్ళీ ఎప్పుడూ దిగలేదు. ఆ ఒక్క రోజును బావ ఇరవై ఏళ్ళు వాడుకున్నాడు. నా పెళ్ళిచూపుల్లో అమ్మాయి తండ్రికి చెప్పాడు. చర్చిలో క్రిస్మస్ విందులో చెప్పాడు. చివరికి నా పిల్లలకు కూడా, నేను పక్కనే ఉండగా, గొంతు మార్చి నా ఏడుపును నటించి చూపాడు.

"మీ నాయన ఎట్ల ఏడ్చినాడో తెలుసునా? 'పైకి లాగు బావా, పైకి లాగు!' నేనుండేది పైన, వీడుండేది కింద. నాకు యాడ ఇనపడతాది?"

వినపడకపోతే ఏడ్చిన మాటలు ఎలా తెలిశాయని ఎవరూ అడగలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గనులు మూతపడ్డాక బావ స్కూలు పిల్లల వ్యాను నడిపాడు. నేను కంప్యూటర్ల పని నేర్చుకుని, రోజూ బంగారుపేట మీదుగా రైల్లో బెంగళూరు వెళ్ళి వచ్చేవాణ్ణి. ఇంట్లో కంప్యూటర్లో యుద్ధ విమానాలు నడిపే ఆట, సిమ్యులేటర్ పెట్టుకున్నాను. నాకున్న ఒకే ఒక్క సరదా అది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చిన బావ జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. నెల తిరక్కముందే నన్ను మించిపోయాడు. విమానాన్ని ఒక రెక్క మీద నిలబెట్టినట్టు ఒరిగించి, గట్టిగా లాగి, శత్రువు వెనక్కి చేరేవాడు. చూడటానికి లైన్లో కుర్రాళ్ళు వచ్చేవారు.

"చూడండ్రా, ఇది వైండింగ్ డ్రైవరు చెయ్యి. మా బామ్మర్దికి కుర్చీలో కూసున్నా కడుపులో తిప్పతాది. బకెట్ తెండ్రా ఎవరన్నా!" అనేవాడు. నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని.

అలాంటి రోజుల్లో సిమ్యులేటర్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది. ఏం మార్చారో పొద్దున రైల్లో ఫోనులో చదివాను. మార్చింది రాడార్‌ను. యుద్ధ విమానం ముక్కులో ఉండే రాడార్ యాంటెనా, గీతలు గీసినట్టు ఆకాశాన్ని ఆ పక్క నుంచి ఈ పక్కకు వెతుకుతుంది. విమానం ఒరిగినప్పుడు ఆ గీతలూ ఒరిగిపోకుండా, యాంటెనా ఎదురు తిరిగి వాటిని నేలకు సమంగా నిలుపుతుంది. దాన్నే స్టెబిలైజేషన్ అంటారు. బస్సు మలుపులో వాలినా చేతిలోని టీ గ్లాసును నిటారుగా పట్టుకుంటాం కదా, అలాంటిదే. అయితే మణికట్టు తిరిగేది కొంతవరకే. యాంటెనాకూ అలాంటి హద్దు ఉంటుంది. పాత వెర్షన్‌లో ఆ హద్దు లేదు. విమానం తలకిందులైనా రాడార్ చూపు చెదిరేది కాదు. కొత్తదాంట్లో నిజం విమానంలో లాగే హద్దు పెట్టారు. మరీ ఒరిగించి లాగితే రాడార్ చూపు పక్కకు జారిపోతుంది, దొరికిన శత్రువు తెర మీద నుంచి మాయమవుతాడు.

అంటే బావ విద్య ఇక పనికిరాదు. ఆ రోజు రైల్లో సీటు దొరక్కపోయినా, బెంగళూరు దాకా నాకు హాయిగా ఉంది.

ఆదివారం బావ కూర్చున్నాడు. ఒరిగించాడు. తెర మీద శత్రువును చూపే చుక్క పోయింది.

"యాడికి పోయిందిరా?"

మళ్ళీ వెతికి పట్టుకున్నాడు, మళ్ళీ ఒరిగించాడు, మళ్ళీ పోయింది.

"ఏమిరా, మిషన్ చెడిందా?"

"నువ్వు లెయ్ బావా, నేను చూస్తాను" అని నేను కూర్చున్నాను. హద్దు దాటకుండా మెల్లగా తిప్పాను. చుక్క ఎక్కడికీ పోలేదు. శత్రువును కూల్చి, వెనక్కి తిరిగి అన్నాను: "మిషన్ బాగానే ఉండాది."

బావ తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "చెయ్యి కదిలిందేమోరా" అన్నాడు.

"ఇంగ వయసు కాలేదా బావా నీకు?"

కుర్రాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వాడు. నేను ఇన్నేళ్ళూ నవ్విన నవ్వే అది. చూడగానే గుర్తుపట్టాను.

ఆ తర్వాతి ఆదివారాలు నాకు ఎంత సంతోషంగా గడిచాయో రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. బావ కళ్ళజోడు మార్చి చూశాడు. కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని ఆడి చూశాడు. ప్రతిసారీ చుక్క పోయేది. ప్రతిసారీ నేను కూర్చుని నిలిపి చూపేవాణ్ణి. "బకెట్ తెమ్మంటావా బావా?" అని కూడా అడిగాను. ఒకసారి నా పిల్లల ముందు వణికే చెయ్యిని నటించి చూపాను. వాళ్ళు నవ్వారు. ఆ తర్వాత అతను మా ఇంటికి రావడం మానేశాడు.

కొన్నాళ్ళకు అక్క వచ్చింది.

"మీ బావ వ్యాను తాళాలు స్కూల్లో ఇచ్చేసి వచ్చినాడప్పా. ఈ చేత్తో పిల్లోళ్ళను తీసుకొని పోలేను అంటాడు. డాక్టరు ఏమీ లేదన్నా నమ్మేదే లే. నీతో ఆడేటప్పుడు నువ్వేమన్నా చూసినావా?"

"లేదక్కా" అన్నాను. అప్పుడు కూడా. అనుభవించనీ అనే అనుకున్నాను.

తర్వాతి నెల చర్చిలో ప్రభు భోజన సంస్కారం ఇస్తున్నారు. ద్రాక్షరసం పోసిన చిన్న కప్పుల పళ్ళెం వరసలో ఒక్కొక్కరి ముందుకూ వస్తోంది. బావ దగ్గరికి రాగానే అతను రెండు చేతులూ తొడల కిందికి దోపుకున్నాడు. వద్దని తల ఊపాడు. ఒలుకుతుందని భయం. పళ్ళెం నా ముందుకు వచ్చింది. నేనూ తీసుకోలేకపోయాను.

ఆరాధన అయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న అతని ముందు నిలబడ్డాను. అక్క ఉంది, నా పిల్లలున్నారు, ఆ కుర్రాళ్ళూ ఉన్నారు.

"బావా, నీ చేతికి ఏమీ కాలేదు. ఆ ఆటలో రాడార్‌నే మార్చినారు. అంత ఒరిగిస్తే ఎవురు పట్టినా చుక్క పోతాది. నేను మెల్లగా తిప్పి నిన్ను నమ్మించినాను."

అతను నా ముఖంలోకి చూశాడు. "ఇన్ని వారాలూ తెలుసునా నీకు?"

"తెలుసు."

"ఎందుకురా?"

"ఇన్నేండ్లూ అందరి ముందర నన్ను నగుబాటు చేసినావని. ఆ కోపం ఇంగా ఉండాది బావా, లేదని చెప్పను. కానీ నువ్వు వ్యాను ఇడిసిపెట్టినావని అక్క చెప్పినాంక కూడా నోరు మూసుకోని ఉన్నాను. దానికి నా దగ్గర ఏ సాకూ లేదు. తప్పు నాది. మన్నించు బావా."