కాశమ్మ మూత తియ్యని డబ్బీ

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. కాశమ్మకు అసహ్యం ఉండేది. ఉండదా మరి! పాతబస్తీలో ఒక చిన్న సర్కారు దవాఖానలో ఆమె ఆయా. పొద్దున ఎనిమిదింటికి ల్యాబు కిటికీ దగ్గర నిలబడి, వరసలో వచ్చినవాళ్ల తెమడ డబ్బీలూ మూత్రం సీసాలూ ఒక్కొక్కటే మూత తీసి చూడాలి. పనికొచ్చేవి లోపలికి పంపాలి, పనికిరానివి తిప్పికొట్టాలి. పదకొండేళ్లుగా అదే పని. ఆ పదకొండేళ్లలో మూత తీసినప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని రోజు ఒక్కటి లేదు.

జనం తెచ్చే తీరు కూడా అట్లాగే ఏడ్చేది. ఒకడు బ్రాందీ సీసా నిండా మూత్రం పోసి, దానికి కాగితం బిరడా పెట్టి, చొక్కా అంతా కార్చుకుంటూ వచ్చేవాడు. ఇంకొకడు కొబ్బరినూనె సీసాను కడగకుండా తెచ్చి, పైన తేలే నూనె తన రోగమేననుకుని లబోదిబోమనేవాడు. తెమడ తెమ్మంటే నోట్లో ఊరిన ఉమ్మి తెచ్చేవాళ్లకైతే లెక్కే లేదు. వాళ్ల మీద కాశమ్మ నోరు లేచిందంటే వీధి మొగదాకా వినబడేది.

"ఇది ఉత్త ఉమ్మి. దీన్ని ఏం చేస్కోవాలె నేను? పొద్దుగాల లేవంగనే నోరు పుక్కిలిచ్చి, ఊపిరి గట్టిగ గుంజి, లోపట్నించి దగ్గి తియ్యాలె. రేపు తే, పో."

ఛీ ఛీ అంటూనే అన్నీ నేర్చేసుకుంది మహాతల్లి. మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి దీపం మీద కాచి, ఒక చుక్క ఆసిడ్ వేస్తే తెల్లగా విరిగిందంటే మూత్రపిండాలు పాడైనట్టు. తెచ్చినవాడి కళ్ల కింద ఉబ్బి, సీసాలో మాంసం కడిగిన నీళ్ల రంగు కనబడితే, కాచకముందే కాశమ్మ పెదవి విరిచేది. ఇటుకరంగు తెమడ నిమోనియా. వరసలో ఉన్నవాళ్లు కూడా ముక్కు మూసుకుని పక్కకు జరిగేంత కంపు కొడితే ఊపిరితిత్తిలో చీముగడ్డ. పచ్చగా చిక్కగా, మధ్యలో నెత్తుటి చార ఉంటే క్షయ అని అనుమానం.

ఆ అనుమానాన్ని తేల్చేది ల్యాబు ఆనందరావు. చీపురుపుల్ల విరిచి, తెమడను గాజుపలక మీద పులిమి, ఎర్రరంగు పోసి కింద మంట చూపించి, కడిగి, మళ్లీ నీలంరంగు పోసి మైక్రోస్కోపు కింద పెట్టేవాడు. నీలం మీద సన్నటి ఎర్రపుల్లలు కనబడితే క్షయ ఖాయం. ఆయనకూ ఆ డబ్బీలంటే రోతే. కాశమ్మ చూసి పంపిందంటే ఇక తను చూడడు, మొహం పక్కకు తిప్పుకుని పుల్ల ముంచడమే. ఆ ల్యాబులో నడిచే పద్ధతి అది.

కాశమ్మది ఉప్పుగూడలో ఒక్కగది ఇల్లు. మొగుడు భిక్షపతి ఉస్మాన్‌గంజ్ మిరపకాయల గోదాముల్లో హమాలీ. పిల్లలు లేరు. సాయంత్రం ఆమె గుమ్మంలో అడుగుపెట్టేసరికి స్నానం చేసే జాలారి దగ్గర వేణ్ణీళ్లు సిద్ధంగా ఉంచేవాడు. ఆమె తల మీది నుంచి పోసుకున్నాకే లోపలికి వచ్చి కుండ ముట్టుకునేది. బెండకాయ కూరంటే ఆయనకు ప్రాణం, కానీ ఆ జిగురు చూస్తే ఆమెకు దవాఖాన గుర్తొస్తుందని ఆ ఇంట్లో బెండకాయ కొనడమే మానేశారు. ఆయన ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు.

అట్లాంటి మనిషికి ఆ ఏడు దసరా తర్వాత దగ్గు పట్టుకుంది. మిరపఘాటులో పనిచేసేవాడికి దగ్గు రాక ఏమొస్తుందని అందరూ అన్నారు. డాక్టరూ అదే అనుకుని తాగే మందు రాశాడు. ఎందుకైనా మంచిదని మూడు రోజులు తెమడ పరీక్ష చేయించమన్నాడు.

మూడు పొద్దులూ భిక్షపతి డబ్బీకి గట్టిగా మూత బిగించి, పైన గుడ్డ చుట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె మూత తియ్యలేదు. రోజంతా ఊరివాళ్లవి చూసి చచ్చేది చాలదా, ఇంటి డబ్బీ కూడానా అనుకుంది. తీసుకెళ్లి చూసిన డబ్బీల వరసలోనే పెట్టింది. చూసినవా అని ఆనందరావు అడిగితే, చూసిన అంది. మూడుసార్లూ ఏమీ లేదని వచ్చింది. కాశమ్మ పెద్దమ్మతల్లికి కొబ్బరికాయ కొట్టి, ఇదంతా మిరపదుమ్మేనని ఊపిరి పీల్చుకుంది.

ఐదు నెలలు గడిచాయి. భిక్షపతి సగమయ్యాడు. సాయంత్రం కాగానే ఒళ్లు కాలేది, బస్తా సగం ఎత్తి కింద పడేసేవాడు. గోదాము మేస్త్రీ పనిలోకి రావద్దన్నాడు. ఎక్సురేకి పెద్దాసుపత్రికి పోతే ఇంకో రెండు నెలల తర్వాత రమ్మని చీటీ ఇచ్చారు. డాక్టరు మళ్లీ మూడు రోజులు తెమడ తెమ్మన్నాడు. కాశమ్మ మళ్లీ మూత తియ్యకుండానే వరసలో పెట్టింది.

ఆ రోజు ఆనందరావుకు ఏం తోచిందో, పుల్ల ముంచబోయి ఆగాడు.

"కాశమ్మా, మీ ఆయన డబ్బీ నువ్వు సూసే పంపినవా? ఉత్త నీళ్ల లెక్క ఉన్నది."

ఆమె వచ్చి డబ్బీలోకి చూసింది. అద్దంలా తేటగా ఉన్న ఉమ్మి, పైన నాలుగు బుడగలు. అట్లాంటివి రోజుకు పది తిప్పికొడుతుంది తను. తెచ్చినవాళ్లను బుద్ధి లేదా, సిగ్గు లేదా అని నలుగురిలో కడిగేస్తుంది. ఆమె డబ్బీ తీసుకుని మురుగు మోరీలో పారేసింది.

మర్నాడు పొద్దున్నే నిద్రపోతున్నట్టు పడుకుని చూసింది. భిక్షపతి చప్పుడు కాకుండా లేచి, జాలారి వెనక మోరీ దగ్గరకు పోయి గోడ పట్టుకుని కూర్చున్నాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా, పేగులు తెగేలా దగ్గాడు. లోపలున్నదంతా మోరీలో ఉమ్మి, దాని మీద పొయ్యిలోని బూడిద చల్లి, రెండు చెంబుల నీళ్లు కొట్టాడు. తువ్వాలు ఉతికి ఆరేశాడు. నోరు మూడుసార్లు పుక్కిలించి, అప్పుడు డబ్బీ తీసుకుని అందులో శుభ్రంగా ఉమ్మాడు. మూత పెట్టి తిరిగేసరికి ఎదురుగా కాశమ్మ ఉంది.

ఇదేం పని అని అడిగింది. ఆయన తప్పు చేసిన పిల్లవాడిలా తల దించుకున్నాడు.

"నీకు అసయ్యం అయితదని," అన్నాడు. "ఊరోళ్లయి సూశి సూశి ఇంటికొచ్చి అన్నం గూడ తినవ్. నాది గూడ సూడాల్నా?"

మంచిది తియ్యమని ఆమె ఆ ఉమ్మి పారబోసి డబ్బీ చాపితే ఆయన గోడవైపు తిరిగాడు. ఆమె ఎదురుగా ఉంటే తన వల్ల కాదన్నాడు, లోపలికి పొమ్మని బతిమాలాడు. కాశమ్మ పోలేదు. డబ్బీ కింద పెట్టి, అరచెయ్యి ఆయన గడ్డం కింద పట్టింది.

"దీంట్ల ఉమ్ము," అంది.

దగ్గు ఎంతసేపు ఆగుతుంది! పచ్చటి ముద్ద, నెత్తుటి చారతో సహా ఆమె చేతిలో పడింది. ఆమె దాన్ని డబ్బీలోకి జార్చి మూత పెట్టింది. ఆ తర్వాత మోరీ దగ్గర కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కింది. ప్రేమ పుట్టినంత మాత్రాన అసహ్యం పోతుందా? పోలేదు. వెనక నుంచి ఆయనే వచ్చి ఆమె నుదురు పట్టుకున్నాడు.

పది గంటలకు ఆనందరావు పిలిచి మైక్రోస్కోపు చూపించాడు. నీలం నిండా ఎర్రపుల్లలు, లెక్కపెట్టే పని లేకుండా. డాక్టరు సూదిమందూ మాత్రలూ రాశాడు, ఏడాదిన్నర తప్పకుండా వాడాలన్నాడు. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, కుడివైపు బాగా తినేసినట్టుందని మొహం చిట్లించాడు. ఐదు నెలల కింద పట్టుకుంటే ఇంత ఉండేది కాదు, ఇక్కడే పనిచేస్తూ ఏం చూస్తున్నావమ్మా అని అడిగాడు. పదకొండేళ్లుగా జనం మీద ఉమ్మేసిన ఛీ, థూ అన్నీ తన మొహం మీదే పడ్డట్టయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జాలారి దగ్గర నీళ్లు పొగలు కక్కుతున్నాయి. భిక్షపతి గోడకు ఆనుకుని ఆయాసపడుతూ, రాతి మీద పెట్టిన కొత్త సబ్బు చూపించాడు.

"పొద్దుగాల సేతిల వట్టినవ్ గదా," అన్నాడు. "మంచిగ కడుక్కో."

కాశమ్మ ఆ రాతి మీద కూలబడిపోయింది. ఒంట్లో జ్వరం పెట్టుకుని, రెండు గల్లీలు నడిచి తెచ్చిన సబ్బు అది.