ముందు ఏది, తర్వాత ఏది

మా అమ్మాయి వెబ్ పేజీలు కట్టడం నేర్చుకున్నది విశాఖపట్నంలో ఉండే మా మరిది కొడుకు పంపిన జాబితా చూసి అని మా ఇంట్లో అందరూ చెబుతారు. అబద్ధం. అతగాడు పంపింది నేర్చుకోవాల్సినవాటి పేర్లు, నలభై. ముందు ఏది, తర్వాత ఏది అన్న సంగతే అందులో లేదు. సరుకుల చీటీ గడగడా చదివేస్తే వంటయిపోతుందా? వరస వేసింది నేను.

టచ్ ఫోన్లు ఊరంతా పాకిన రోజులవి. బొబ్బిలిలో మాది పప్పుల కొట్టు. పిల్ల డిగ్రీ పూర్తిచేసి, వెబ్ పేజీలు కట్టే పని నేర్చుకుంటానంటూ ఇంట్లో ఉంది. "దసరా లోపల సొంతంగా ఒక పేజీ కట్టి సూపించాల. నేదంటే టీచరు ట్రైనింగులో సేర్పించెస్తాను" అని మా ఆయన తేల్చేశారు. దానికి ఆ ట్రైనింగంటే ఒళ్ళుమంట.

నేను ఎమ్మే చదివినదాన్ని. నాకు తెలిసిన చదువు ఒక్కటే, బట్టీ. లాంగ్ నోటుబుక్కులో ఎర్రసిరా మార్జిను కొట్టించి, పేజీ కట్టడానికి వాడే గుర్తులు, హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, ఒక్కొక్కటీ ఇరవైసార్లు రాయించాను. అప్పజెప్పందే కాఫీ ఇవ్వలేదు. మూడు వారాలకు తడుముకోకుండా చెప్పేసింది. కంప్యూటరు ముందు కూర్చోబెడితే మాత్రం తెల్లతెర వంక చూస్తూ ఉండిపోయింది.

"ఇవి పద్యాలు కావమ్మా" అని ఏడ్చింది. "పరీచ్చ రాయమంటే రాసెస్తాను. కట్టమంటే ఎలగ?"

తప్పు నాదే. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్నాక ఆ ప్లాను చించి పారేశాను. కొత్తది కాగితం మీద గడులు గీసి వేశాను. అందులో పాఠాలు లేవు, గడికో పని. మొదటి వారం కొట్టు పేరు, పప్పుల రకాలు తెరమీద కనబడాలి. దానికి హెచ్‌టీఎంఎల్ చాలు. తర్వాత రంగులు, అమరిక, అది సీఎస్‌ఎస్. రకం పేరు నొక్కితే బొమ్మ రావాలి. అందుకు జావాస్క్రిప్టు, నెల రోజులు. పని కానిదే తర్వాతి గడిలోకి వెళ్ళనిచ్చేదాన్ని కాదు. వీడియోలు చూసి నేర్చుకునేది తను. "సూసింది సాలు, సెయ్యి" అని ఆపేది నేను.

దసరాకు వారం ముందు మా ఆయన ఆ పేజీని తన ఫోనులో తెరిచారు.

"ఏటే ఇది? కందిపప్పు మీద మినప్పప్పు ఎక్కీసింది!"

"మీ ఫోను సిన్నది" అన్నాను.

"కొట్టుకొచ్చేవోళ్ళందరివీ సిన్నవేనే!"

కాగితం అడుగున ఇంకో గడి గీశాను: చిన్న తెర. ఆరు రోజుల్లో పిల్ల సరిచేసింది. ఆయన వేలితో పైకీ కిందకీ తోసి తోసి చూశారు. ట్రైనింగు మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా పావుకిలో పెసరపప్పుకు వచ్చినవాళ్ళను కూడా నిలబెట్టి చూపించడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడాది ఒక ఆఫీసులో ఇంటర్వ్యూ. పేజీ బొమ్మ ఒకటి చేతికిచ్చి, అచ్చం ఇలాగే కట్టమన్నారట. కట్టేసి వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. పొంగిపోయాను, దాచుకోవడం దేనికి?

"ఎలగ నేర్సుకున్నావని అడిగారేటి?" అన్నాను.

"నేదమ్మా. పని సూసారు, అంతే."

ఒక్కో గడికీ ఎన్ని తిట్లు, ఎన్ని అలకలు! అంత శ్రద్ధగా పని చూసినవాళ్ళకు, అది ఆ పిల్ల చేతికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలని ఎందుకు అనిపించలేదు?